రెండేళ్లలో అన్నీ తిరిగొస్తాయా?

"రెండేండ్లల్ల అన్నీ మళ్లొస్తయి కద సార్, ఇంక తవ్వితే నష్టమేముంది?"

సెకండియర్ బైపీసీ క్లాసులో మూడో బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆ రోజు పాఠం తొందరగా అయిపోయి, బెల్లుకు ఇంకా అరగంట మిగిలింది. నాకెంతో ఇష్టమైన కథ ఒకటి ఎత్తుకున్నాను. పసిఫిక్ సముద్రం అడుగున లావా పొంగి, అక్కడి జీవులన్నీ మాడి మసైపోయి, మూడేళ్లు తిరక్కముందే మళ్లీ అదే చోట దాదాపు మనిషంత పురుగులు తోటలా లేచి నిలబడ్డ కథ. పిల్లలు కదలకుండా విన్నారు. చివర్లో, మన దేశం కూడా హిందూ మహాసముద్రం అడుగున ఇలాంటి చోట్లే ఖనిజాల కోసం వెతుకుతోందని ఒక మాట కలిపాను. ఆ అమ్మాయి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని ఆ ప్రశ్న వేసింది.

ఆమె లెక్క సరైనదే. నేనిచ్చిన అంకెలు ఎవరు కూడినా అదే మొత్తం వస్తుంది. నేను అంకెలిచ్చిన తీరులోనే పొరపాటుంది. ఇన్నేళ్లుగా ఆ కథను అందులోని అద్భుతం కోసం చెబుతూ వచ్చాను. ఆ అద్భుతం దేని మీద ఆధారపడి జరిగిందో ఒక్కసారీ చెప్పలేదు. జవాబు మొదలుపెట్టేలోపే బెల్లు కొట్టారు. అందుకే ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ చోటు గురించి. మెక్సికోకు, మధ్య అమెరికాకు పడమరగా, తీరానికి చాలా దూరంలో, పసిఫిక్ అడుగున ఒక పొడవాటి పర్వతశ్రేణి ఉంది. పేరు ఈస్ట్ పసిఫిక్ రైజ్. అక్కడ భూమి పైపొర రెండుగా చీలి, రెండు పక్కలా కలిపి ఏడాదికి దాదాపు 11 సెంటీమీటర్లు జరుగుతోంది. చీలిన చోట కింది నుంచి లావా ఉబికి కొత్త నేల తయారవుతుంది. ఆ శ్రేణి మీద ఉత్తర అక్షాంశం 9 డిగ్రీల 50 నిమిషాల దగ్గర, రెండున్నర కిలోమీటర్ల లోతులో ఉన్న ఒక చోటును శాస్త్రవేత్తలు ఆ అంకెతోనే పిలుస్తారు, నైన్ ఫిఫ్టీ నార్త్ అని. సముద్రపు నీరు రాతి పగుళ్లలోంచి కిందికి దిగి, కరిగిన రాయి వేడికి కాగి, లోహాలనూ హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ కలుపుకుని మళ్లీ పైకి తన్నుకొస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే వాయువే ఈ హైడ్రోజన్ సల్ఫైడ్. కొన్ని చోట్ల నీరు 350 డిగ్రీలు దాటి ఉంటుంది, అయినా మరగదు. అంత లోతులో నీటి బరువు మన వాతావరణ పీడనానికి 250 రెట్లు. చల్లటి సముద్రపు నీరు తగలగానే అందులోని లోహాలు నల్లటి మసిలా విడిపోతాయి. అందుకే అలాంటి ఊటలను నల్లపొగ గొట్టాలంటారు. వాటి చుట్టుపక్కల రాతి సందుల్లోంచి గోరువెచ్చగా ఊరే చోట్లు కూడా ఉంటాయి. జంతువులు ఎక్కువగా కాపురం పెట్టేది ఆ గోరువెచ్చని ఊటల దగ్గరే.

ఇలాంటి చోట్ల జీవం ఉందని 1977 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో గాలాపగోస్ దీవుల దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగినవాళ్లు రాళ్లూ లావా చదివిన భూగర్భ శాస్త్రవేత్తలు. ఓడ మీద జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. వేడి ఊటలు ఉంటాయేమోనని చూడ్డానికి వెళ్లి, ఊటల చుట్టూ ఆలిచిప్పలు, పీతలు, ఎర్ర కుచ్చుల పురుగులు చూసి నివ్వెరపోయారు. పట్టుకున్న జీవులను కుళ్లకుండా దాచడానికి మందు చాలక, కొన్నింటిని పనామాలో కొన్న రష్యన్ వోడ్కాలో వేశారు. ఇది చెప్పినప్పుడు మాత్రం క్లాసులో అందరూ నవ్వుతారు. సూర్యుడి వెలుగు సోకని చోట, ఆకు అన్నది లేని చోట, రసాయనాల నుంచి శక్తి తీసుకునే బాక్టీరియా మీద ఆధారపడి ఒక లోకం నడుస్తోందని మనిషికి తెలిసి ఇంకా యాభై ఏళ్లే.

ఆ ఎర్ర కుచ్చుల పురుగును కొంచెం దగ్గరగా చూద్దాం. పేరు రిఫ్టియా. తెల్లటి గొట్టం ఒకటి కట్టుకుని అందులో ఉంటుంది. గొట్టం చివర నుంచి నెత్తురు రంగు కుచ్చు బయటికొస్తుంది. ఆ ఎరుపు నిజంగా నెత్తురుదే. మన ఒంట్లో ఉన్నట్టే దానికీ హిమోగ్లోబిన్ ఉంది. కాకపోతే మన హిమోగ్లోబిన్‌కు విషమైన సల్ఫైడ్‌ను, ప్రాణవాయువును, రెంటినీ వేర్వేరు చోట్ల పట్టుకుని ఒకేసారి మోయగలదు. ఏదైనా కదిలిందా, కుచ్చు చటుక్కున గొట్టంలోకి పోతుంది. పెద్ద పురుగుకు నోరు లేదు, పేగు లేదు. మరి ఏం తిని బతుకుతుంది? హార్వర్డ్‌లో అప్పుడే పరిశోధన మొదలుపెట్టిన కొలీన్ కావనా అనే విద్యార్థిని 1980లో ఒక ఉపన్యాసం వింటోంది. పురుగు లోపల గంధకం స్ఫటికాలు కనిపించాయని వక్త చెప్పగానే ఆమె లేచి నిలబడి, అయితే దాని ఒంట్లో గంధకంతో బతికే బాక్టీరియా ఉండి తీరాలి అంది. మరుసటి ఏడాది దాన్ని పత్రంగా ప్రచురించింది. పురుగు సల్ఫైడ్‌నూ ప్రాణవాయువునూ మోసుకొచ్చి లోపలి బాక్టీరియాకు అందిస్తుంది, బాక్టీరియా దానికి వండి పెడుతుంది. ఒక ఉపన్యాసం మధ్యలో లేచి నిలబడ్డ ఆ అమ్మాయి గురించి చెప్పకుండా నేను ఈ పాఠం ఎప్పుడూ ముగించను. మూడో బెంచీ నుంచి ప్రశ్న రావాలంటే అలాంటి వాళ్ల గురించి పిల్లలకు తెలియాలి.

ఇప్పుడు 1991 ఏప్రిల్. ఆల్విన్ నైన్ ఫిఫ్టీ నార్త్‌లో దిగేసరికి లావా పొంగి ఎన్నాళ్లో కాలేదు. నేలంతా గాజులా మెరిసే కొత్త లావా. ఒక చోట మాడిన పురుగులు, చినిగిన గొట్టాలు, చచ్చిన ఆలిచిప్పలు. చూసినవాళ్లు ఆ చోటుకు పురుగుల బార్బెక్యూ అని పేరు పెట్టారు. పగుళ్లలోంచి తెల్లటి బాక్టీరియా తునకలు దూదిపింజల్లా ఎగజిమ్ముతున్నాయి. నేల మీద కూడా తెల్లటి పరుపులా అవే. దొరికింది తినడానికి పీతలు చేరాయి. 1992 మార్చిలో మళ్లీ వెళ్తే, టెవ్నియా అనే చిన్న రకం గొట్టపు పురుగు, జానెడు పైన పొడవుతో అప్పటికే నాటుకుని ఉంది. 1993 డిసెంబరులో వెళ్లేసరికి టెవ్నియాను కమ్మేస్తూ రిఫ్టియా. కొన్ని గొట్టాలు మీటరున్నర పొడవున్నాయి. ఏడాదికి 85 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా పెరిగాయన్నమాట. సముద్రంలో వెన్నెముక లేని జంతువేదీ ఇంత వేగంగా పెరిగినట్టు అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఒకటి రెండేళ్లకు ఆలిచిప్పలు వచ్చాయి.

క్లాసులో నేను చెప్పింది ఇంతవరకే. అందుకే ఆ అమ్మాయి మనసులో 'రెండేళ్లు' అనే అంకె నిలిచిపోయింది. కానీ ఆ అంకె దేనిది? ఒక్క పురుగు ఎంత వేగంగా పొడవు పెరుగుతుందో చెప్పే అంకె అది. ఊరు మళ్లీ నిలబడ్డానికి ఎంత కాలం పడుతుందో అది చెప్పదు. ఇదే కుటుంబానికి చెందిన ఇంకో గొట్టపు పురుగు మెక్సికో సింధుశాఖ అడుగున, వేడి లేని ఊటల దగ్గర బతుకుతుంది. అది రెండు మీటర్లు పెరగడానికి 170 నుంచి 250 ఏళ్లు పడుతుందని లెక్క తేలింది. ఒకే కుటుంబంలో ఒకటి రెండేళ్లలో, ఒకటి రెండు శతాబ్దాల్లో! ఒకదాని వేగం చూసి సముద్రం అడుగంతా అంతేననుకుంటే ఎలా?

అసలు అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. పెద్ద రిఫ్టియా కదల్లేదు. గొట్టం కట్టుకున్న చోటే పెరిగి గిట్టాలి. ప్రయాణం చేసేది దాని డింభకం, అంటే లార్వా. మా పిల్లలు పరీక్ష కోసం బట్టీ పట్టే ట్రోకోఫోర్ డింభకం లాంటిదే ఇదీ. కంటికి ఆనదు. దారిలో ఏమీ తినదు. గుడ్డులో తల్లి పెట్టిన సద్దిమూటే దానికి ఆధారం. ఆ మూట ఎన్నాళ్లొస్తుందో 2001లో లెక్క కట్టారు. చల్లటి నీటిలో, ఆ లోతు పీడనంలో సగటున 38 రోజులు. ఆ లోపు ఎక్కడో ఒక వెచ్చటి ఊట తగలాలి. ప్రవాహాలు కూడా ఒకే దిక్కుకు పోవు. కొన్నాళ్లు ఉత్తరానికి, మళ్లీ దక్షిణానికి. అందువల్ల ఎంత తిరిగినా డింభకం పుట్టిన చోటు నుంచి వంద కిలోమీటర్లు దాటడం అరుదు. దాటినా, రిడ్జ్ మీద నుంచి, అంటే ఆ పర్వతశ్రేణి మీద నుంచి, పక్కకు కొట్టుకుపోతే అంతే సంగతులు. మెక్సికో దక్షిణాన తెహువాంతెపెక్ దగ్గర కొండల మధ్య సందులోంచి బలంగా వీచే గాలులు సముద్రం మీద పెద్ద సుడులు పుట్టిస్తాయి. ఆ సుడుల ప్రభావం రెండున్నర కిలోమీటర్ల కిందికి కూడా దిగి, ఊటల దగ్గరి డింభకాలను ఊడ్చుకుపోతుందని 2011లో బయటపడింది. కొండ సందులో గాలి వీచడం వల్ల చీకటి లోతుల్లో ఎవరి పిల్లలు ఎటు పోతారో తేలుతోందంటే, ఆ బతుకు ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో చూడండి.

ఇంకో మాట. డింభకం బయల్దేరేటప్పుడు ఒంట్లో బాక్టీరియా ఉండదు. చేరిన చోట నేల మీద ఉన్న బాక్టీరియా దాని చర్మంలోంచి లోపలికి దూరాలి. అవి లోపల స్థిరపడ్డాకే నోరూ పేగూ పోతాయి. కాబట్టి ఊట ఒక్కటీ దొరికితే చాలదు. సరైన బాక్టీరియా అక్కడ ముందే కాపురం ఉండాలి. ఊటలో సల్ఫైడ్ తగిన పాళ్లలో ఉండాలి. లావా పొంగిన కొత్తలో సల్ఫైడ్ ఎక్కువ, దానికి టెవ్నియా తట్టుకుంటుంది. మెల్లగా తగ్గుతుంటే రిఫ్టియా. ఇంకా తగ్గాక ఆలిచిప్పలు. టెవ్నియా ముందు నాటుకుంటే దాన్ని గుర్తుపట్టి రిఫ్టియా డింభకాలు దిగుతాయేమోనని కూడా పరిశోధకులు అనుమానించారు.

ఇప్పటికీ ఇదంతా వరుసగా, పద్ధతిగా జరిగే పని అనిపిస్తుంది. 2006లో ఆ పద్ధతి చెదిరింది. 2005 చివర, 2006 మొదట్లో నైన్ ఫిఫ్టీ నార్త్ మళ్లీ పొంగింది. అక్కడ అడుగున పెట్టి ఉంచిన 12 భూకంప పరికరాల్లో నాలుగే పైకి తేలాయి, మిగతావి లావాలో ఇరుక్కుపోయాయి. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన లారెన్ ముల్లినో బృందం ఎన్నో ఏళ్లుగా అక్కడ నీటిలో డింభకాలను పట్టి లెక్కపెడుతోంది. ప్లాస్టిక్ పలకలు దొంతరగా పేర్చి ఊటల పక్కన దింపి, కొన్నాళ్లకు తీసి, వాటి మీద ఎవరు నాటుకున్నారో భూతద్దం కింద చూస్తోంది. పొంగిన తర్వాత తీసిన పలకల మీద టెనోపెల్టా అనే చిన్న నత్త గుంపులుగా కనిపించింది. అంతకు ముందు ఆ నత్త ఉన్నట్టు తెలిసిన చోటు ఉత్తరాన, 300 కిలోమీటర్లకు పైగా దూరంలో. నైన్ ఫిఫ్టీలో అది కనిపించింది లేదు. ఊరు ఖాళీ కాగానే, పొరుగూరి వాళ్లు కాదు, ఎక్కడో దూరం నుంచి వచ్చినవాళ్లు ముందుగా స్థలం పట్టేశారు.

అంటే, ఎవరు తిరిగొస్తారన్నది ముందే రాసిపెట్టి లేదు. లావా పొంగిన వారంలో ఎవరు గుడ్లు వదిలారు, ప్రవాహం ఎటుంది, ఏ సుడి ఎప్పుడు దాటింది, వీటి మీద ఉంటుంది. పోయిన ఊరు, వచ్చిన ఊరు ఒకటి కావు. అదే బృందం ఆ చోటును 11 ఏళ్లు వదలకుండా చూసింది. 2020లో ప్రచురించిన పత్రంలో చెప్పిందేమిటంటే, 11 ఏళ్లు గడిచినా అక్కడి జీవసమాజం ఇంకా మారుతూనే ఉంది, మునుపటి స్థితికి చేరలేదు. గుర్తుంచుకోండి, ఇది ప్రపంచంలోనే వేగంగా కోలుకునే చోట్లలో ఒకటి. అక్కడే పదకొండేళ్లు చాలలేదు. నా కథ విన్న ఆ అమ్మాయికి మిగిలింది రెండు!

ఈ రంగంలో ఈ మధ్య వచ్చిన వార్తల్లో నన్ను ఎక్కువగా కదిలించింది 2023 జులై నాటి యాత్ర. మోనికా బ్రైట్ నాయకత్వంలోని బృందం ఒక రోబో చేతులతో అక్కడి లావా పెంకులను తిరగేసి చూసింది. పైపెంకు కింద గుల్లలు, గుల్లల్లో వెచ్చటి నీరు, ఆ నీటిలో పెద్దయిన గొట్టపు పురుగులు, నత్తలు. అంతవరకూ పెంకు కింద సూక్ష్మజీవులే ఉంటాయనుకున్నారు. డింభకాలు ఊటల నీటితో పాటు నేల కింది నుంచి కూడా ప్రయాణిస్తున్నాయేమోనన్న ఆలోచనకు దీంతో బలం వచ్చింది. పైన కనిపించేది ఊరిలో ఒక భాగమే, ఇంకో భాగం నేల కింద ఉందన్నమాట. యంత్రం వచ్చి పైపెంకును పొడి చేస్తే పోయేది ఏదో, ఈ ఫొటోలు చూశాక నాకు ఇంకో రకంగా అర్థమైంది.

మా ఊరి చెరువు గురించి చెప్పాలి ఇక్కడ. మాది గొలుసుకట్టు చెరువుల ఊరు. పైన రెండు చెరువులు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ వెంట మా చెరువులోకి దిగేవి. కరువొచ్చిన ఏడు మా చెరువు నెర్రెలిచ్చి ఎండిపోయేది. మళ్లీ వానలు పడి నిండాక, కొన్ని వారాలకే పరకలు, జెల్లలు, కొర్రమట్టలు. వానతో పాటు ఆకాశం నుంచి పడతాయని చిన్నప్పుడు నిజంగా నమ్మాను. మా తాత నన్ను మత్తడి దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. పైచెరువు నుంచి దూకే నీళ్లలో మెరుస్తూ జారే చేపపిల్లలు, అదే నీటికి ఎదురెక్కుతున్న చేపలు. కొర్రమట్ట సంగతి వేరు, అది తడి బురదలో దాక్కుని కూడా కాలం గడుపుతుంది. మిగతావి మాత్రం పైచెరువుల నుంచి రావలసిందే.

తర్వాత కొన్నేళ్లకు ఆ కాలువ మీద ప్లాట్లు పడ్డాయి. పైనీళ్లు మా చెరువులోకి దిగడం ఆగిపోయింది. గట్టి వాన పడిన ఏడు చెరువు నిండింది. నీళ్లు మునుపటి నీళ్లే, బురదా అదే బురద. కప్పలు వచ్చాయి, దోమలు వచ్చాయి, బురదలోంచి నాలుగు కొర్రమట్టలు లేచాయి. పరకలు రాలేదు, జెల్లలు రాలేదు. తర్వాత సొసైటీ వాళ్లు లారీలో చేపపిల్లలు తెచ్చి వదిలితే గానీ వలకు చేప పడలేదు. మా చెరువులోకి చేపలను తెచ్చింది పైచెరువులూ, వాటిని కలిపిన కాలువా. 

నైన్ ఫిఫ్టీ నార్త్ గొలుసుకట్టు చెరువుల మధ్యలో ఉన్న చెరువు లాంటిది. అక్కడ రిడ్జ్ వేగంగా చీలుతుంది కాబట్టి ఊటలు దగ్గరదగ్గరగా ఉంటాయి. 1991లో పొంగింది, 2006 నాటికి మళ్లీ పొంగింది, 2025 ఏప్రిల్ చివర్లో మూడోసారి. ఈ మూడోసారి ఆల్విన్ అక్కడే ఉంది. టీకా అనే ఊట దగ్గర ఒక రోజు పురుగులూ పీతలూ కళకళలాడుతుంటే చూసొచ్చినవాళ్లు, మర్నాడు దిగేసరికి కొత్త లావా, మసక నీరు, చచ్చిన పురుగులు చూశారు. ఇరవై ఏళ్లకోసారి ఇల్లు కాలిపోయే చోట కాపురం పెట్టిన జీవులు వేగంగా పెరిగి, వేగంగా పిల్లల్ని కని, వేగంగా పంపడం అలవాటు చేసుకుని ఉంటాయి. అలా చేయలేనివి అక్కడ మిగలవు.

ఇక మన హిందూ మహాసముద్రం. నైరుతి హిందూ మహాసముద్ర రిడ్జ్ ఏడాదికి ఒకటిన్నర సెంటీమీటర్లే చీలుతుంది. పసిఫిక్‌లో ఆ చోటు వేగంలో ఏడో వంతు. అంత నెమ్మదైన రిడ్జ్ మీద ఊటలు అరుదు, ఒకదానికొకటి చాలా దూరం. లావా పొంగడమూ అరుదే. ఒకసారి మొదలైన ఊట వేల ఏళ్ల పాటు ఆగుతూ సాగుతూ ఉండగలదు. తరచుగా ఇల్లు కాలని చోట ఉండేవాళ్లకు తొందరగా ఇల్లు కట్టుకునే అవసరం రాదు. అక్కడి జీవులు రిఫ్టియా లాగే రెండేళ్లలో లేచి నిలబడతాయని అనుకోవడానికి ఒక్క ఆధారమూ లేదు.

హిందూ మహాసముద్రపు రిడ్జ్‌ల మీద బతికే ఒక నత్తను చూడండి. 2001లో కైరేయి అనే ఊటల క్షేత్రంలో మొదటిసారి దొరికింది. దాని పాదం మీద ఇంటి కప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పొలుసులు. గవ్వ పైపొరలోనూ ఆ పొలుసుల మీదా ఐరన్ సల్ఫైడ్. ఇనుముతో కవచం కట్టుకునే జంతువు ఇంకోటి మనకు తెలియదు. రిఫ్టియా లాగే ఇదీ లోపలి బాక్టీరియా పెట్టే తిండి మీదే బతుకుతుంది, ఆ బాక్టీరియాకు ప్రాణవాయువు అందించడానికి ఒంటికి మించిన పెద్ద గుండె ఉంది. సొలిటేర్ అనే ఇంకో క్షేత్రంలో దొరికినవి ఇనుము లేకుండా తెల్లగా ఉన్నాయి. మూడోది లాంగ్‌చీ క్షేత్రం, నైరుతి రిడ్జ్ మీద. కైరేయికి లాంగ్‌చీకి మధ్య దూరం రెండు వేల కిలోమీటర్లకు పైనే. జన్యువులు పోల్చి చూస్తే లాంగ్‌చీ నత్తలకు మిగతా రెండు చోట్లతో రాకపోకలు చాలా తక్కువని తేలింది. 2019లో ఈ నత్తను అంతరించే ప్రమాదం ఉన్న జీవుల అంతర్జాతీయ ఎర్ర జాబితాలో చేర్చారు. సముద్రగర్భ తవ్వకాల ముప్పు కారణంగా ఆ జాబితాకెక్కిన మొదటి జీవి ఇదే. అప్పటికి తెలిసిన ఆ మూడు చోట్లలో రెండింటి మీద ఖనిజాల అన్వేషణ లైసెన్సులున్నాయి. ఆ తర్వాత మరికొన్ని చోట్ల కూడా అది కనిపించింది, సంతోషమే. కానీ ఒక్కో చోటూ చిన్న వాడంత. వాడకూ వాడకూ మధ్య కాలువ ఉందో లేదో అన్నంత సన్నం.

మనం ఎక్కడున్నాం ఇందులో? 2016లో భారత ప్రభుత్వం అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో ఒప్పందం చేసుకుంది. మధ్య, నైరుతి హిందూ మహాసముద్ర రిడ్జ్‌ల మీద పదివేల చదరపు కిలోమీటర్లలో 15 ఏళ్ల పాటు సల్ఫైడ్ ఖనిజాల కోసం వెతికే హక్కు వచ్చింది. రాగి, జింకు, బంగారం, వెండి ఉండే ఖనిజాలివి. 2025 సెప్టెంబరులో అదే సముద్రంలోని కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ మీద రెండో ఒప్పందం. 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు 4,500 మీటర్ల లోతులో, పనిచేస్తున్న ఊటను మానవరహిత వాహనంతో ఫొటో తీశారు. ఆ ఫొటో చూసి నేను గర్వపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. ముగ్గురు మనుషులను ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య 6000 అనే జలాంతర్గామి చెన్నైలో తయారవుతోందంటే, అందులో దిగేవాళ్లలో ఏనాటికైనా నా విద్యార్థి ఒకరుండాలని కోరుకునేవాణ్ని. వెతకడం, చూడటం, లెక్కపెట్టడం, వీటిని నేను వ్యతిరేకించడం లేదు. అవి జరగకపోతే నేను ఈ వ్యాసంలో రాసిన వాటిలో ఒక్క ముక్కా మనకు తెలిసేది కాదు.

తవ్వకాన్ని సమర్థించేవాళ్ల వాదనలో బలమైన ముక్క ఉంది, దాన్ని పక్కన పెట్టను. ప్రకృతే ఈ ఊటలను లావాతో తుడిచేస్తుంటే, మనిషి ఒకసారి తవ్వితే కొత్తగా ఏం పోతుందంటారు. పాపువా న్యూగినీ దగ్గర సోల్వరా 1 అనే చోట తవ్వడానికి 2011లో అనుమతి పొందిన నాటిలస్ మినరల్స్ అనే కంపెనీ, జీవులు మళ్లీ చేరడానికి విత్తనంగా ఉంటుందని కొద్ది దూరంలో ఒక ఊటల ప్రాంతాన్ని ముట్టుకోకుండా ఉంచుతామంది. తవ్వకం మొదలుకాకుండానే 2019లో ఆ కంపెనీ దివాలా తీసింది. కానీ ఆ ఆలోచన మిగిలి ఉంది, మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

లావా పొంగడానికీ తవ్వకానికీ తేడా ఏమిటి? లావా పొంగినప్పుడు ఊట బతికే ఉంటుంది. పైగా కొత్త పగుళ్లు తెరుచుకుంటాయి, బాక్టీరియా వెల్లువలా బయటికొస్తుంది, వచ్చే డింభకాలకు వంటిల్లు సిద్ధంగా ఉంటుంది. చుట్టుపక్కల చాలా ఊటలు చెక్కుచెదరకుండా మిగులుతాయి, పిల్లలు వాటి నుంచే వస్తాయి. తవ్వే యంత్రం ఖనిజం ఉన్న చోటుకల్లా వెళ్తుంది, ఒకదాని తర్వాత ఒకటి. నీటిలో లేచే లోహపు మట్టి ప్రవాహంతో కలిసి పక్క ఊట మీద పడుతుంది. ఇది ఒక చెరువు ఎండటం కాదు, పైచెరువులు కూడా ఎండి, కాలువ మీద ప్లాట్లు పడటం. అప్పుడు లారీలో చేపపిల్లలు తెచ్చి వదిలే సొసైటీ నాలుగు వేల మీటర్ల లోతులో లేదు.

చల్లారిపోయిన పాత ఖనిజపు దిబ్బలను మాత్రమే తవ్వుతామని కొందరంటారు. బతికి ఉన్న ఊటతో పోలిస్తే అది నయం, ఒప్పుకుంటాను. కానీ నేల పెంకు కింద పురుగులున్న సంగతే 2023లో ప్రపంచానికి తెలిసింది. బతికి ఉన్న ఊట ఎక్కడ ముగుస్తుందో, చల్లారిన దిబ్బ ఎక్కడ మొదలవుతుందో పైనుంచి చూసి గీత గీసేవాళ్లు ముందు ఆ పెంకు ఎత్తి చూపించాలి. బతికి ఉన్న ఊటల జోలికి ఏ దేశమూ పోకూడదన్న నియమం కోసం మన ప్రభుత్వం గొంతెత్తాలని నా కోరిక. రెండు ఒప్పందాలు చేతిలో ఉన్న దేశం ఆ మాట అంటే దానికి బరువుంటుంది.

సోమవారం ఆ క్లాసు మళ్లీ ఉంది. బోర్డు మీద రెండు గీతలు గీస్తాను. మొదటిది ఈస్ట్ పసిఫిక్ రైజ్, దాని మీద ఊటలకు చుక్కలు దగ్గరదగ్గరగా నేనే పెడతాను. మధ్యలో ఒక చుక్క తుడిచి, రెండు పక్కల నుంచీ బాణాలు వేసి, 38 రోజులు అని రాస్తాను. రెండో గీత కింద హిందూ మహాసముద్ర రిడ్జ్‌లు అని రాసి, కైరేయి, లాంగ్‌చీ ఎంత దూరమో చెప్పి, చాక్‌పీసు ఆ మూడో బెంచీ అమ్మాయి చేతికిస్తాను.